ఆ రెండు పేజీలు టైపు చేసింది నేనే: శ్రీకాకుళం సోషల్ మాస్టార్లకు, టీచరమ్మలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం పట్నంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ సాంఘిక శాస్త్రం చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నమస్కారం.

మీలో చాలామందికి నా మొహం తెలుసు. క్వశ్చన్ పేపర్లు జిరాక్సు తీయించుకోడానికి, సెలవు చీటీలు టైపు చేయించుకోడానికి మా షాపుకి వస్తుంటారు. రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మెషిన్, వారానికోసారైనా కాగితం మింగేసి మొరాయించే ఒక పాత జిరాక్సు మెషిన్, ఇదే నా వ్యాపారం. అయితే మీకు తెలియని సంగతి ఒకటుంది. ఏటా మీ బల్లల మీదికి వచ్చే 'మన ఊరు శ్రీకాకుళం' ప్రాజెక్టు వర్కుల్లో చాలావాటికి కర్తని నేనే.

ఎలాగంటే, 2008లో ఒకరోజు షాపు కట్టేసే వేళకి పదో తరగతి పిల్ల ఏడుపుమొహంతో వచ్చింది. ప్రాజెక్టు ఇవ్వడానికి తెల్లారితే ఆఖరి రోజు. జాలిపడి కూర్చుని రెండు పేజీలు టైపు చేసేశాను. కొంత ఒక గైడులోంచి, కొంత గోడమీది క్యాలెండర్ వెనక పేజీలోంచి, కొంత మా నాన్న చెప్పిన కబుర్లలోంచి తీసుకున్నాను. మిగతాది నా సొంత ధైర్యం. ఆ పిల్లకి మంచి మార్కులొచ్చాయట. మరుసటేడు తమ్ముణ్ణి పంపింది. వాడు తన నేస్తాలని తెచ్చాడు. 'మన ఊరు ఫైనల్' అనే ఆ ఫైలు అప్పట్నుంచీ నా కంప్యూటర్లో ఉంది. పైన పేరు, రోల్ నంబరు మారుస్తాను, అంతే. నలుపు తెలుపైతే పది రూపాయలు, అరసవల్లి గుడి రంగుల్లో కావాలంటే ముప్ఫై.

ఒక సంవత్సరం ఆ ఫైల్లో 'అరసవల్లి' కాస్తా 'అరవసల్లి' అయిపోయింది. నాలుగేళ్ళు అలాగే ప్రింటు తీసిచ్చాను. ఒక్క ఎర్ర సున్నా పడలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు మాస్టారూ. ఇంటికి మోసుకెళ్ళిన అరవై ఫైళ్ళూ ఒక్క రాత్రిలో దిద్దాలంటే ఎవరి కళ్ళయినా అట్ట చూసి టిక్కు పెట్టేస్తాయి.

నా కళ్ళు తెరిపించింది కృష్ణా జిల్లా. రెండేళ్ళ కిందట చల్లపల్లి దగ్గర చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. ముహూర్తం రాత్రికి. పొద్దున్న ఖాళీగా ఉన్నాం కదా అని, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డునున్న ఒక గుడికి తీసుకెళ్ళారు. ఊరి బోర్డు మీద 'శ్రీకాకుళం' అని ఉంది. మా ఊరి పేరు వీళ్ళెందుకు పెట్టుకున్నారా అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాను. అక్కడ స్వామి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు. పూజారిగారు హారతిచ్చి, శ్రీకృష్ణదేవరాయలు దండయాత్రకి వెళ్తూ ఇక్కడ ఆగాడనీ, కలలో విష్ణువు కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ, అదే ఆముక్తమాల్యద అనీ చెప్పారు. ప్రసాదం నా చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే నా ఫైల్లో మొదటి పేజీ మూడో లైను ఇదీ: 'రాయలవారికి మన శ్రీకాకుళంలోనే కలలో విష్ణుమూర్తి సాక్షాత్కరించాడు.'

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ దండయాత్ర కళింగం మీదికి. అంటే మన వైపుకే. మన మీదికి యుద్ధానికి వస్తూ దారిలో కన్న కలని తెచ్చి నేను మన ఊరి గొప్పల్లో రాసేశాను.

తిరిగొచ్చి ఆమదాలవలసలో 'శ్రీకాకుళం రోడ్' స్టేషన్లో దిగి, ఇంటికైనా వెళ్ళకుండా షాపు తెరిచి ఆ రెండు పేజీలూ మొదటిసారి శ్రద్ధగా చదివాను. చదివే కొద్దీ సిగ్గేసింది. అప్పట్నుంచీ ఖాళీ దొరికినప్పుడల్లా చదువుతున్నాను, ఆదివారాలు బండేసుకుని తిరుగుతున్నాను. తెలిసింది మీ ముందు పెడుతున్నాను. ఇందులోనూ తప్పుంటే చెప్పాల్సింది మీరే.

ముందు ఏటి సంగతి. పిల్లలకి ఇది చెప్పబోతే మన యాసే అడ్డొచ్చింది. 'నాగావళి ఏటి గురించి రాయాల్రా' అంటే, 'ఏటి?' అన్నాడొకడు. 'అదేరా, ఏటి' అన్నాను. కాసేపు ఇద్దరం అదే మాట అనుకుంటూ కూర్చున్నాం.

'నాగావళి మన జిల్లా కొండల్లో పుట్టి' అని రాశాను నేను. మన జిల్లాలో కాదు. ఒడిశాలో కలహండి జిల్లా, తువాముల్ రాంపూర్ వైపు కొండల్లో పుడుతుంది. అక్కణ్ణుంచి రాయగడ మీదుగా దిగి, కొమరాడ ప్రాంతంలో మన రాష్ట్రంలోకి వచ్చి, కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు 256 కిలోమీటర్లు, అందులో 161 ఒడిశాలోనే. అంటే మనం 'మా ఏరు' అని రొమ్ము విరిచి చెప్పుకునే దానిలో మన రాష్ట్రం వాటా సగానికన్నా తక్కువ.

ఈ ఒక్క లెక్క తెలిస్తే పిల్లలకి వరద అర్థమవుతుంది. మన ఊళ్ళో ఎండ కాస్తూ ఉంటుంది, ఏట్లో మాత్రం ఎర్ర నీళ్ళు పోటెత్తుతాయి. 2017 జులైలో చూశాం కదా, రాయగడ వైపు కుంభవృష్టి పడితే ఆ నీళ్ళు మన వంతెనల కిందికి వచ్చాయి. మంచు కరిగి వచ్చే నది కాదిది, వాన మీదే బతుకు. కొండల మీంచి తక్కువ దూరంలోనే సముద్రానికి దిగాలి కాబట్టి వచ్చేది దూకుడుగా వస్తుంది, పోయేది కూడా అంతే తొందరగా పోతుంది. అందుకే వేసవిలో చూస్తే ఊరి మధ్య ఇసుక మేట, దాని పక్కన సన్నటి నీటిపాయ. అటు నైరుతి వానలు, ఇటు అక్టోబరు తుపాన్లు, రెండూ తగిలే ఊరు మనది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కరెంటు లేక నా షాపు ఎన్ని రోజులు మూతపడిందో నాకు ఇప్పటికీ గుర్తే.

మ్యాపు గీయించడానికి మీకు ఒక ఉపాయం చెబుతాను. ఇది నాది కాదు, మన పెద్దవాళ్ళది. కరువొచ్చి జనం నీళ్ళకి అల్లాడుతుంటే బలరాముడు నాగలితో భూమిని చీల్చి ఈ ఏటిని రప్పించాడని కథ. నాగలికి సంస్కృతంలో లాంగలం. అందుకే ఏటికి లాంగుల్య అన్న పేరు, ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లోనూ అదే కనిపిస్తుంది. ఆ దారిలో బలరాముడు అయిదు శివలింగాలు నిలిపాడంటారు. పాయకపాడు, గుంప, సంగాం, మన గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరుడు, చివర కల్లేపల్లి మణినాగేశ్వరుడు. ఈ అయిదింటినీ ఒక గీతతో కలపమనండి, నాగావళి మ్యాపు వచ్చేస్తుంది. ఇంకా చూడండి, గుంప సోమేశ్వరుడు ఉన్నది ఝంఝావతి వచ్చి నాగావళిలో కలిసే చోట. సంగాం పేరులోనే సంగమం ఉంది, సువర్ణముఖి, వేగావతి నాగావళిలో కలిసేది అక్కడే. కల్లేపల్లి ఏరు సముద్రంలో కలిసే చోటు. పురాణమే అయినా, ఆ కథ కట్టినవాళ్ళకి ఏటి భూగోళం వేళ్ళ మీద ఉంది. పిల్లలు ఉపనదుల పేర్లు బట్టీ పట్టక్కర్లేకుండా గుళ్ళ పేర్లతో గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు ఆ అయిదు గుళ్ళూ ఒక జిల్లాలో లేవు. పాయకపాడు ఒడిశాలో ఉంది. గుంప పార్వతీపురం మన్యం జిల్లాలోది. వంగర మండలం మారడంతో సంగాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. మనకి మిగిలినవి రెండు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా, నా ఫైల్లో మాత్రం ఇంకా '38 మండలాలు' అనే ఉంది. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మన్యం జిల్లాకి, రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరానికి పోయి, మన జిల్లాకి మిగిలింది 30. పాత లెక్కతోనే మార్కులు తీసుకున్న పిల్లలకి ఇక్కణ్ణుంచే క్షమాపణ.

ఇక రెండో పెద్ద తప్పు, 'శ్రీకాకుళం ప్రాచీన కళింగ రాజధాని' అన్న ముక్క. ఇది తీసేస్తానంటే పిల్లలు ఒప్పుకోవడం లేదు. 'రాజధాని కాకపోతే ఇంకేం రాస్తాం అంకుల్?' అని అడిగింది ఒక ఎనిమిదో తరగతి పిల్ల. నిజమే మరి, నేనిచ్చిన కాగితంలో ఆ ఒక్క మాటే గంభీరంగా ఉంది.

కళింగాన్ని ఏలిన తూర్పు గంగుల రాజధాని కళింగనగరం. అది నాగావళి ఒడ్డున కాదు, వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగం. జలుమూరు మండలంలో, మనకి బండి మీద గంటన్నర దూరం. మధుకేశ్వరుడి గుడి గోడల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళి నిలబెడితే ఎవరూ 'ప్రాచీన వైభవం' అని టైపు చేయక్కర్లేదు. భీమేశ్వరం, సోమేశ్వరం గుళ్ళు కూడా ఆ ఊళ్ళోనే ఉన్నాయి. అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టానికి వచ్చిన రాజ్యం అది. పూరీ జగన్నాథుడి పెద్దగుడి మొదలుపెట్టించింది ఆయనే. తర్వాత రాజధాని కటకానికి, అంటే ఇప్పటి కటక్‌కి తరలిపోయింది.

ఆ ముఖలింగమే కళింగనగరం అని శాసనాలు చదివి వాదించింది ఎవరో తెలుసా మాస్టారూ? మీలాంటి ఒక బడిపంతులు. గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న ముఖలింగం పక్కనే పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు, చెప్పిన సబ్జెక్టు చరిత్ర. సొంతూరి పక్కనున్న గుడి గోడల మీద రాత ఏమిటో తెలియక ఊరుకోలేక, పాత లిపి తనంతట తానే నేర్చుకుని చదివారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటో మా షాపులో ఎన్ని కాపీలు తీస్తానో లెక్కలేదు. వాడుక భాష కోసం పోరాడారనీ, సవరల భాష నేర్చుకుని పుస్తకాలు రాశారనీ పిల్లలు ఉపన్యాసం చెబుతారు. చరిత్ర మాస్టారని మాత్రం ఎవరూ చెప్పరు. మిగతా సబ్జెక్టుల వాళ్ళకి లేని గొప్ప ఇది, మీ సబ్జెక్టుది. మీరే చెప్పకపోతే ఎలా?

శాలిహుండం సంగతీ అంతే. గార మండలంలో వంశధార పక్కన కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఉన్నాయని 1919లో మొదట పట్టుకున్నది ఆయనే. తర్వాత తవ్వకాలు జరిగాయి. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దం నుంచి వెయ్యేళ్ళకి పైగా అక్కడ బౌద్ధం నిలిచింది. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు అక్కడ దొరికాయి. ఇటుకలతో చక్రంలా కట్టిన స్తూపం ఉంది. నేను మొన్న వెళ్ళినప్పుడు కొండ మీద ఇద్దరు కాలేజీ పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు, ఒక ముసలాయన మేకలు కాస్తున్నాడు. పైనుంచి చూస్తే వంశధార కళింగపట్నం వైపు సాగిపోతూ కనిపించింది. సముద్రానికి దగ్గరగా, వరదకి అందనంత ఎత్తున, ఏటి నీళ్ళు కాళ్ళ కింద. భిక్షువులు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో పైకెక్కినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

దంతపురం మాట మాత్రం జాగ్రత్తగా చెప్పండి. సరుబుజ్జిలి దగ్గర దంతవరపుకోటలో మట్టికోట ఉంది. బుద్ధుడి దంతం దాచిన దంతపురం ఇదేనని మనవాళ్ళు నమ్ముతారు, కాదు వేరేచోట అనే పండితులూ ఉన్నారు. నా ఫైల్లో నేను 'ఇదే' అని తేల్చేశాను. ఇప్పుడు 'అంటారు' అని మార్చాను. ఒక్క మాటే, కానీ దాన్ని టైపు చేయడానికి నాకు పదహారేళ్ళు పట్టింది.

ఇదంతా విని ఆ ఎనిమిదో తరగతి పిల్ల ఒక ప్రశ్న వేసింది. 'అన్నీ వంశధార మీదే ఉన్నాయి కదా, మరి మన ఏటి మీద ఏటుంది అంకుల్?' నేను అప్పుడు చెప్పలేకపోయాను. తర్వాత తెలిసింది. పట్నాన్ని ఆనుకునే రాగోలు ఉంది కదా. రాగోలు అంటే మనకి ఆసుపత్రి తప్ప ఇంకేం గుర్తురాదు. అక్కడ మాఠర వంశపు శక్తివర్మ రాగిరేకులు దొరికాయి, పదిహేను వందల ఏళ్ళు దాటినవి. పిష్టపురం, అంటే ఇప్పటి పిఠాపురం నుంచి ఆ రాజు కళింగ విషయంలోని (అప్పట్లో విషయం అంటే జిల్లా లాంటిది) రాకలువ అనే ఊరిని దానమిచ్చాడు. రాకలువే రాగోలు. రాజధాని కాకపోతేనేం, రోజూ షేర్ ఆటో ఎక్కి వెళ్ళే ఊరి పేరు అన్ని వందల ఏళ్ళ కిందట రాగిరేకు మీద ఉంది. ఈ మాట చెప్పినప్పుడు రాగోలు నుంచి వచ్చే ఒక కుర్రాడి మొహం చూడాల్సింది.

అరసవల్లి గురించి, మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాలని తాకే సూర్యకిరణాల గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. శ్రీకూర్మం స్తంభాల మీద తెలుగు శాసనాలు బోలెడున్నాయి, పిల్లలకి అక్షరాలు చూపించి 'ఇది ఏ అక్షరంరా' అని అడగండి చాలు.

పట్నం తాలూకు అసలు కథ ఆలస్యంగా మొదలవుతుంది. గోల్కొండ ఏలుబడిలో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో జామియా మసీదు కట్టించాడు. మన ఊరికి గుల్షనాబాద్ అని కూడా పేరు పెట్టారంటారు. ఊరు చికాకోల్ సర్కారుకి, అంటే ఈ ప్రాంతపు పాలనా విభాగానికి ముఖ్య పట్టణమైంది. ఇక్కడే ఎందుకు అంటే నా ఊహ చెబుతాను, ఊహ అనే రాయండి. తీరం వెంబడి వచ్చే పెద్ద రోడ్డు నాగావళిని దాటేది ఇక్కడ. శిస్తు వసూలు చేసేవాడు దారీ ఏరూ కలిసే చోటే కూర్చుంటాడు, టోల్ గేటు పెట్టినవాడిలా. 1753లో నిజాము ఈ సర్కార్లని ఫ్రెంచివాళ్ళకి ఇచ్చాడు, 1757లో బొబ్బిలి యుద్ధం అయింది, 1766కి ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. చికాకోల్ సన్నబట్టలకి దేశదేశాల్లో పేరుండేది. పొందూరులో ఇప్పటికీ సన్న ఖాదీ నేస్తున్నవాళ్ళు ఆ పనితనం వారసులే. 1936 దాకా మన ఊరు గంజాం జిల్లాలో ఉంది, ఒడిశా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950 ఆగస్టు 15న సొంతంగా జిల్లా అయింది. 'చికాకోల్' అని తెల్లవాడు పాడుచేశాడని తిట్టుకుంటాం గానీ, మన అమ్మలు అన్నది కూడా 'సిక్కోలు' అనే కదా. వాడి చెవికి వినపడింది అదే.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. ఈ ఏడాది 'మన ఊరు' ప్రాజెక్టు ఇచ్చేముందు ఒక సాయంత్రం పిల్లల్ని ఏటి గట్టుకి తీసుకెళ్ళండి. నీళ్ళు ఎటునుంచి ఎటు పోతున్నాయో చేత్తో చూపించమనండి. చాలామంది తప్పు చూపిస్తారు, నేను మా అబ్బాయితో చేసి చూశాను. ఇంటర్ చదువుతున్నాడు, పడమర వైపు చూపించాడు. తర్వాత వాళ్ళ వీధి పేరు, వాళ్ళ తాతగారి ఊరు పేరు ఎందుకొచ్చాయో కనుక్కుని చేత్తో రాసి తెమ్మనండి. టైపు చేసిన కాగితం తెస్తే తీసుకోవద్దు. నా వ్యాపారం కొంత పోతుంది, ఫర్వాలేదు, ఆధార్ జిరాక్సులున్నాయి.

పాత ఫైలు తీసేశాను. సరిచేసిన రెండు పేజీలు మాత్రం ఒక కాపీ తీసి కౌంటరు మీద గాజు కింద పెట్టాను. పిల్లలకి ఇవ్వడానికి కాదు, మీరు దిద్దడానికి. క్వశ్చన్ పేపర్లకి వచ్చినప్పుడు ఎర్ర పెన్ను తెచ్చుకోండి. రెండో పేజీ కింద నుంచి నాలుగో లైను మొదట చూడండి, అక్కడ గంగుల సంవత్సరాల లెక్క మీద నాకింకా టెన్షన్ గానే ఉంది.

ఇట్లు,
బడి సందు జిరాక్సు షాపువాడు,
శ్రీకాకుళం